మా ఊరు చివర చూడని సినిమా

మా ఊళ్లో ఒక సినిమా గురించి ఇరవై ఏళ్లకు పైగా రెండు పార్టీలున్నాయి. రెండు పార్టీల్లోనూ ఆ సినిమాను చివరిదాకా చూసినవాడు ఒక్కడూ లేడు.

సోమందేపల్లె దాటాక రోడ్డు పక్కన అప్పట్లో ఒక రేకుల హాలుండేది. వాన పడితే ఆ రేకుల మోతకు తెర మీది మాటలు వినపడవని పేరు. మా వైపు ఆ ఇబ్బంది ఏడాదికి నాలుగైదు సార్లకు మించి రాదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడు శనక్కాయ చెట్లు పీకి, చేలల్లో వరసలుగా పరిచి, ఎండబెట్టి ఉన్నాం. చెట్లు ఎండేదాకా చేసే పనేమీ లేదు. ఒక ట్రాక్టరు కట్టుకొని ఊళ్లో సగంమందిమి మ్యాట్నీకి పోయాం. ఏ సినిమా ఆడుతోందో అక్కడికి పోయాకే తెలిసింది.

ఫైటు లేదు, పాట లేదు. ఒకామె మొగుడిని వదిలి పుట్టింటికి వచ్చేస్తుంది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పదు. ఆ మొగుడు అప్పుడప్పుడు సైకిలు తొక్కుకుంటూ వస్తాడు. అరుగు మీద కూర్చుంటాడు. నీళ్లు తాగుతాడు. "ఎండ ఎక్కువగా ఉంది" అంటాడు. పోతాడు. ఇంటికి రమ్మని అడగడు. అడుగుతాడేమో అని ఆమె చూస్తుంది, మనమూ చూస్తాం. అంతే సినిమా.

మావాళ్లు ఈలలు వేయడానికి చోటు దొరక్క తెర మీది సేద్యం మీద పడ్డారు. "ఆ ఎద్దుకు కుడికన్ను ల్యా, సూడప్పా" అని ఒకరు. ఆమె ఒకచోట తట్టలో నల్లగా చుక్కల్లాంటివి పోసుకొని వాటి మీద ఆకు తురిమి చల్లుతూ ఉంటే, వెనక బెంచీ నుంచి "ఏమప్పా అవి, నువ్వులా? నువ్వులకు ఆకెందుకు?" అని ఇంకొకరు. అవి పట్టుపురుగుల పిల్లలని తెలియడానికి మాది మల్బరీ ఊరు కాదు, శనక్కాయ ఊరు. మాకెట్లా తెలుస్తుంది?

చివరికి వచ్చేసరికి మాత్రం హాలంతా చప్పుడు లేకుండా అయిపోయింది. మొగుడు మళ్లీ వచ్చాడు. ఈసారి చీకటి పడ్డాక వచ్చాడు. సైకిలు గోడకు ఆనించాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాం. తెర నల్లబడింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా మొదలై, మెల్లగా పెద్దదై, వాన చప్పుడు.

"వానొచ్చెరా!" అన్నాడు ఎవరో.

అంతే. పైన రేకులు, బయట పొద్దుటి నుంచీ పట్టిన మబ్బు, చేలల్లో పరిచిన చెట్లు. ఒక్క తడుపు పడితే ఎద్దుల మేతకు దాచే శనక్కట్టె నల్లబడుతుంది, ఎద్దులు మూతి తిప్పుకుంటాయి, కాయ మొలకెత్తుతుంది. బెంచీలు దాటుకుంటూ, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ మొత్తం జనం బయటికి ఉరికారు. "కట్టె తడిసిపాయ", "పట్టలు యాడ పెడితిరప్పా", "ట్రాక్టరోడు యాడికి సచ్చె" అని కేకలు.

బయట చుక్క లేదు. నేల పొడిగా, మబ్బు మబ్బుగానే ఉంది. ఒక పెద్దాయన అరచెయ్యి చాపి చాలాసేపు అట్లే నిలబడ్డాడు.

"యాడప్పా వాన?"

"ఇంతసేపు పడె కదా?"

"పడింటే నేల తడవద్దా? నీ తలకాయ తడవద్దా?"

ఇట్లా తేల్చుకుంటూ ఉండగా మిషను ఆడించే ఆయన మెట్లు దిగి వచ్చాడు. "ఏమప్పా, అందరికీ ఒకేసారి ఒంటికొచ్చిందా? లోపల ఈగ ల్యా. ఆపేసినా" అన్నాడు. చివర మళ్లీ వెయ్యమంటే, "ఎనిక్కి తిప్పేది కాదు, ఫస్ట్ షోకు రాండి" అన్నాడు. తల మీద మబ్బు పెట్టుకొని ఎవరుంటారు? ట్రాక్టరెక్కాం. మరుసటి రోజుకు అక్కడ కత్తుల సినిమా వచ్చింది.

ఆ చప్పుడు సినిమాలోని వానే అని దారిలో తీర్మానం అయింది. మిగిలిన ప్రశ్న ఒకటే. మొగుడు అడిగాడా, లేదా? టీ బంకు దగ్గర ఆ సాయంత్రమే పార్టీలు ఏర్పడ్డాయి. నేను 'అడిగినాడు' పార్టీ. నా వాదన లెక్క ప్రకారం ఉండేది. అంత దూరం, అన్నిసార్లు, అదీ చివరిసారి వానలో తడుస్తూ సైకిలు తొక్కినవాడు అడక్కుండా పోడు. ఇంత ఖర్చు పెట్టి ఎవడూ ఉత్త చేతుల్తో తిరిగిపోడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. లెక్కలు నాకు బడిలో రాలేదు, బడి దాటాక వచ్చాయి. బోరు బండ్ల పక్కన నిలబడి, ధాన్యం రాశుల చుట్టూ తిరిగి నాకు నేనే నేర్చుకున్నాను. తొట్టి కనపడితే ఎన్ని బిందెలు పడతాయో చెప్పకుండా ఉండలేను. కంచెకు ఎన్ని కూసాలు కావాలో, కొట్టానికి ఎన్ని రేకులు పడతాయో అడగడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ, "ఈయప్ప నన్ను సూసేటప్పుడు కూడా గజాల్లో సూస్తాండాడు" అని వాళ్లమ్మతో చెప్పుకుందట.

మా అక్క 'అడగలేదు' పార్టీ. ఆమె వాదించేది కాదు. టీ బంకు మాటలు ఇంట్లో నేను చెబితే, "అడగడు. అడిగే మనిషైతే మొదటి రోజే అడుగుతాడు" అని ఒక్క మాట అని పొయ్యి దగ్గరికి పోయేది.

అక్క కూడా ఆ రోజు ఆ హాల్లో మాతోనే ఉంది. అప్పటికి ఆమె మొగుడి దగ్గర నుంచి వచ్చేసి కొన్ని నెలలే. మా బావ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. బుక్కరాయసముద్రంలో మోటార్లకు తీగ చుట్టే పని. మోటారు చప్పుడు విని అందులో ఏం చెడిందో చెప్పేవాడు. మనుషుల చప్పుడు మాత్రం వినపడేది కాదు. అక్క పెంచిన గేదెను ఒక పొద్దు అమ్మేశాడు, చెప్పలేదు. అక్క అన్నం తిన్నదో లేదో కూడా అడిగేవాడు కాదు. ఒకసారి అక్క మా ఇంట్లో పెళ్లికని వచ్చి, నాలుగు రోజులుండి తిరిగిపోయింది. ఇంటికి పోతే తలుపుకు వేరే వాళ్ల తాళం. పక్కింటామె, "అదేమమ్మా, మీరు ఇల్లు మారినారు కదా, తెలీదా?" అంది. తన ఇల్లు యాడికి పోయిందో ఊరివాళ్లను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అక్క కొత్త ఇంటికి పోలేదు. వచ్చిన సంచీతోనే మళ్లీ బస్సెక్కి మా ఊళ్లో దిగింది.

ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో, మల్బరీ సాగు గురించి చెప్పడానికి ఊళ్లోకి ఆఫీసరు వచ్చాడు. అందరూ వెనక్కి జరుగుతుంటే అక్క ముందుకు పోయి, "సినిమాలో ఆ పిల్ల తట్టల్లో ఆకు ఏస్తాండె, అదేనా సార్ ఇది?" అని అడిగింది. ఆయనకు ఏ సినిమానో అర్థం కాలేదు గానీ అదే అన్నాడు. అట్లా అక్క పురుగులు పెట్టింది. మా ఇంటి పక్కనే షెడ్డు లేచింది. దాని రేకుల లెక్క నాదే. ఒక్క రేకు ఎక్కువ రాలేదు, తక్కువ పడలేదు. ఈ మాట అవసరం లేకపోయినా చెబుతున్నాను.

అప్పటి నుంచి పంట వెనక పంట. అక్కకు యాభై దాటాయి.

మొన్న పంట నడుమ మా చిన్నాయన బుక్కరాయసముద్రం నుంచి కబురు తెచ్చాడు. అక్క షెడ్డు ముందర కొమ్మలు దించుకుంటూ ఉంది. ఆమెను కూర్చోమని, తాను నిలబడే చెప్పాడు.

"అమ్మా, ఆయప్ప సొంతిల్లు కట్టినాడు. చెరువు కట్ట దగ్గరే. నిన్ను వచ్చేయమన్నాడు."

"వచ్చేయమన్నాడా? వస్తావా అని అడిగినాడా?"

"రెండూ ఒకటే కదమ్మా."

"ఒకటి కాదు చిన్నాయనా." కొమ్మలు సర్దుతూనే అంది. "అయినా ఈసారి ఇల్లు యాడుండాదో ముందే చెప్పి పంపినాడు. మనిషి బాగుపడినాడు."

చిన్నాయనకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "ఎగతాళి కాదమ్మా. ఆదివారం ఆయప్పే వస్తాడు. ఏదో ఒకటి ఖాయం చెప్పు. నీకూ వయసాయె. ఈ షెడ్డు ఎవురికన్నా బాడిక్కిచ్చి పో, సుఖంగా ఉంటావు."

"ఆ సినిమా చివర సూసినాక చెప్తాలే" అని అక్క కొమ్మల మోపు ఎత్తుకొని లోపలికి పోయింది.

ఆయన్ని పంపించేయడానికి అన్న మాట అది. కానీ ఆ సాయంత్రం ఆకు కోయడానికి నేను కూడా పోయినప్పుడు మోపు నెత్తికి ఎత్తుకోబోయి అక్క ఆగింది. కుడి భుజం పట్టుకొని కాసేపు అట్లే నిలబడింది. "ఒక్కదాన్నే ఉండేదానికి భయం ల్యా. ఒగ దినం ఈ మోపు ఎత్తలేకపోతే ఎట్లని ఉండాది" అంది. ఇన్నేళ్లలో అక్క నోట అటువంటి మాట వినలేదు. పోతుందేమో అని మొదటిసారి అనుకున్నాను. పోతే షెడ్డు మూతే. పురుగులు బాడిక్కి ఇచ్చేవి కావు, చెయ్యి మారితే చచ్చిపోతాయి. పోవద్దక్కా అనడానికి నోరు రాలేదు. ఆ భుజం నొప్పి నాది కాదు కదా.

మా ఆవిడ మాత్రం సినిమా మాటను నిజంగానే పట్టుకుంది. రెండు రోజులు ఫోను వదల్లేదు. పేరు ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. సైకిలు అని, అరుగు అని, పుట్టిల్లు అని వెతికి వెతికి చివరికి పట్టేసింది. "వదినా, దొరికె! ఆ ఒంటికన్ను ఎద్దు కూడా ఉండాది సూడు!" అని చెంగు ఎగరేసుకుంటూ వచ్చింది.

అక్క షెడ్డు వదిలి వచ్చే వీలు లేదు. పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. జ్వరం అంటే రోగం కాదు. పురుగు పొర విడవడానికి మేత మాని, తల ఎత్తి కదలకుండా ఉండిపోతుంది, దాన్ని జ్వరం అంటాం. నాలుగోది లేచాక గూడు కట్టేదాకా వాటికి ఒకటే పని, తినడం. ఆ వారం ఎంత ఆకు తెచ్చినా చాలదు. కాబట్టి మధ్యాహ్నం మేత వేసి, షెడ్డు ముందర వసారాలో కూర్చున్నాం. ఆకు గంపకు చెంబు ఆనించి, చెంబుకు ఫోను ఆనించాం.

సినిమా మొదలైంది. నాకు మొదట కలిగింది ఆశ్చర్యం. అప్పట్లో ఈడ్చుకుంటూ నడిచిన సినిమా ఇప్పుడు పరుగెత్తుతోంది. అందులో వాళ్లు ఊరికే కూర్చుంటే ఆ రోజు బెంచీ మీద నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇప్పుడు వాళ్లు కూర్చున్నంతసేపూ చూడడానికి ఏదో ఒకటి ఉంది. ఆమె మొదటిసారి మొగుడికి నీళ్లు స్టీలు గ్లాసులో, కింద సాసరు పెట్టి ఇచ్చింది, చుట్టాలకు ఇచ్చినట్టు. రెండోసారి ఉత్త గ్లాసు. తర్వాత ఇంట్లోవాళ్లు తాగే చెంబు. ఇరవై ఏళ్ల కింద నేను ఆ సైకిలు చెయిను చూస్తూ కూర్చున్నానే గానీ చెంబును చూడలేదు.

ఇంకొకటి. ఆ మొగుడు పది పన్నెండుసార్లు వచ్చాడని ఇన్నేళ్లూ టీ బంకులో నేను వాదించాను. నా వాదనకు అదే పునాది. తీరా చూస్తే వచ్చింది నాలుగుసార్లు.

"ఏమప్పా, నీ లెక్క?" అంది అక్క.

"మ్యాట్నీ లెక్క అట్లే ఉంటాది వదినా" అని మా ఆవిడ. "ఇంట్లో చారు గిన్నె లెక్క మాత్రం తప్పడు."

ఆ పిల్ల తండ్రి వేషం వేసినాయన అప్పుడు నాకు ముసలివాడిగా కనిపించాడు. ఇప్పుడు ఆయన వయసు నాది. కూతురి గదిలో దీపం ఆరేదాకా ఆయన బయట మంచం మీద మేలుకొని ఉంటాడు, ఒక్క మాట అనడు. ఏమన్నా అను మనిషీ అని నాకు ఫోను పట్టుకొని కుదపాలనిపించింది. అక్కతో నేను మాత్రం ఏం అంటున్నానని అప్పుడు గుర్తొచ్చి ఊరుకున్నాను.

అక్క పెదవి విప్పకుండా చూస్తోంది. ఒక్కచోట మాత్రం, నువ్వులు అనుకున్న ఆ చుక్కలు వచ్చినప్పుడు, ముందుకు వంగి, "మొదటి జ్వరం కూడా లేవలా ఇవి. ఆకు ఇంకా సన్నగా తరగాల" అంది.

చివర వచ్చింది. చీకటి పడింది. సైకిలు గోడకు ఆనించాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర నల్లబడింది.

చప్పుడు మొదలైంది.

నేను అలవాటుగా ఆకాశం వంక చూశాను. మా ఆవిడ ఆరేసిన బట్టల వంక చూసింది. తర్వాత మా ఆవిడ, "ఫోను సౌండు పెంచు, వెనక షెడ్డులో పురుగుల చప్పుడే వినపడతాండాది" అంది. నేను పెంచాను. పెంచితే అదే చప్పుడు పెద్దదైంది. తగ్గించాను. తగ్గింది గానీ పోలేదు, వెనక నుంచి వస్తూనే ఉంది.

అక్క చెయ్యెత్తి ఆగమంది. ఫోను వైపు ఒక చెవి, షెడ్డు వైపు ఒక చెవి పెట్టి విన్నది.

"రేయ్, ఇది వాన కాదురా. మేస్తాండాయి."

వేల నోళ్లు ఒకేసారి ఆకును కొరికితే రేకుల మీద సన్నటి జల్లు పడినట్టే ఉంటుంది. అక్క ఆ చప్పుడును ఇరవై ఏళ్లుగా రోజూ వింటోంది. నేనూ గోడ పక్కనే ఉండి వింటున్నాను. అయినా దీన్ని ఆ సినిమాతో కలపాలని మాకు తట్టలేదు. మా బుర్రల్లో ఆ రోజు వాన కురిసింది, కురిసిందంతే. ఊరంతా పట్టలు వెతుక్కుంటూ పరుగెత్తింది పురుగుల భోజనం చప్పుడు విని!

తెర మీద మెల్లగా దీపం వెలిగింది. వరసగా తట్టలు, తెల్లగా వేలెడంత పురుగులు. ఆమె ఆకు వేస్తోంది. మొగుడు తలుపు దాటి లోపలికి వచ్చాడు. ఏమీ అడగలేదు. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి ఆకు గంప తీసి అతని చేతికిచ్చింది. అతను అవతలి తట్టలో ఆకు పరవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ చెరో వైపు ఆకు వేసుకుంటూ ఉండగా పేర్లు వచ్చేశాయి.

మా ఆవిడ పైట కొసతో కళ్లు తుడుచుకుంది. "వదినా, అడగలా. మీ పార్టీనే గెలిచె."

అక్క ముఖం ఎర్రగా ఉంది. నేను కూడా ఏడుపేమో అనుకున్నాను.

"కాళ్లు కడుక్కోలా!" అంది అక్క. "సూసినావా? బయట దుమ్మంతా తొక్కొచ్చి అట్లే లోపలికి వచ్చినాడు. చేతులు కడుక్కోలా. ఆ ఆకు సూడు, నీళ్లు చల్లిన తడి ఆకు. తడి ఆకేస్తే సున్నపు రోగమొచ్చి తెల్లారేపాటికి సుద్దముక్కల మాదిరి పడుంటాయి. ఈ పిల్లకు బుద్ధి ల్యా? అట్లాంటోని చేతికి గంప ఎట్ల ఇచ్చె?"

"సినిమా కదక్కా" అన్నాను.

"సినిమా అయితే? పురుగులకు తెలుస్తాదా సినిమా అని?"

పకపక నవ్వాం. అక్క నవ్వలేదు. చెంబు తీసి, నీళ్లు తాగి, నిదానంగా అంది. "నేను గెల్చి ఏం జేసుకోవాల? ఇన్నేండ్లూ వాడు అడగడని చెప్తా వస్తి. వాడు అడగల్యా, ఆ పిల్ల ఒప్పుకునె. నేనైతే అడక్కుండా ఒప్పుకోలా. వస్తావా అని ఒక మాట, అన్నం తింటివా అని ఒక మాట అడిగింటే నేనూ గంప ఇచ్చేదాన్ని."

"మరి ఆదివారం ఏం చెప్తావక్కా?"

"ఆదివారం మూడు మేతలుండాయి. ఏం చెప్తానో ఇప్పుడే ఎట్ల చెప్పాల?" అని లేచి, గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి పోయింది.

ఆదివారం మబ్బు పట్టింది. మధ్యాహ్నం బావ ఆటో దిగాడు. తల నెరిసింది, మనిషి అదే. చేతి వేళ్లకు తీగ కోతల మచ్చలు. నేను షెడ్డు ముందర మంచం వేశాను. మా ఆవిడ నీళ్లు తెచ్చింది. ఏ గ్లాసులో తెస్తుందా అని చూశాను. స్టీలు గ్లాసు, కింద సాసరు. సినిమా చూసిన దెబ్బ.

అక్క లోపల మేత వేస్తోంది. బయటికి రాలేదు. రాకపోవడం కోపంతో కాదు, ఆ సమయానికి మేత ఆగకూడదు. బావకు ఆ సంగతి తెలియదు. నీళ్లు తాగాడు. "ఎండ తగ్గింది" అన్నాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంట్లోకి పరుగెత్తింది.

మేం ఇద్దరం కూర్చున్నాం. బావ జేబులో నుంచి బీడీకట్ట తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు. చెరువులో నీళ్లెట్లున్నాయని నేను అడిగితే ఉండాయన్నాడు. ఎన్ని అడుగులు ఉంటాయంటే తెలీదన్నాడు. నాకు అక్కడే మాట తెగిపోయింది.

ఇట్లాగే నీళ్లు తాగి ఆటో ఎక్కి పోతాడని గట్టిగా అనుకున్నాను. అట్లా పోతే అక్క ఇక ఆ భుజంతో, ఆ మోపుతో, ఒక్కతే. వెంట తీసుకుపోతే షెడ్డు మూత. రెండింటిలో ఏది మేలో నా లెక్కకు అందలేదు.

అంతలో బావ తల ఒక పక్కకు వంచాడు. మోటారు విన్నట్టు విన్నాడు. లేచి, వసారా దాటి బయటికి పోయి ఆకాశం వంక చూశాడు. అరచెయ్యి చాపాడు. నేల చూశాడు. ఇరవై ఏళ్ల కింద హాలు బయట పెద్దాయన నిలబడినట్టే నిలబడ్డాడు.

తిరిగి వచ్చి, "వానా?" అన్నాడు.

"కాదు బావా."

"మరి ఏమది?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఎన్ని పురుగులు, ఎంత ఆకు, పూటకు ఎన్ని మోపులు, అంతా నాలుక చివరే ఉంది. ఎట్లా ఆపుకున్నానో నాకే తెలియదు. "నన్నడిగితే ఏం తెలుస్తాది? లోపల ఉండాది సూడు, అక్కనడుగు" అన్నాను.

బావ షెడ్డు దగ్గరికి పోయాడు. ఈగలు రాకుండా కట్టిన వల తలుపు బయటే ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమది చప్పుడు?"

లోపల కొమ్మల కదలిక ఆగింది. మా ఆవిడ ఇంట్లో నుంచి వచ్చి నా వెనక నిలబడి నా చొక్కా పట్టుకుంది.

"మేస్తాండాయి" అంది అక్క గొంతు. "సూడాలంటే సూడు. బీడీకట్ట ఆ గోడ మీద పెట్టు. బీడీ వాసన వాటికి పడదు. కాళ్లు కడుక్కో."

బావ బీడీకట్ట తీసి గోడ మీద పెట్టాడు. ఒంగి పంచె ఎగగట్టాడు. అటూ ఇటూ చూశాడు.

"చెప్పులు యాడ ఇడవాల?"

మా ఆవిడ నా వీపు మీద పొడిచింది. "వదినను రెండు అడిగినాడు" అంది గుసగుసగా. ఇంటిదానికి నా లెక్కల జబ్బు అంటుకుంది.

"ఆ రాయి పక్కన" అంది అక్క.

ఆ తర్వాత లోపల జరిగింది మేం చూడలేదు, విన్నాం. వల తలుపుకు చెవి పెట్టి వినాల్సిన అవసరం లేదు, అక్క గొంతు అటువంటిది. "కొసలు అటు పక్క, మొదళ్లు ఇటు పక్క. అట్ల కాదు, పురుగు మీద పడేయద్దు, పరవాల." బావ ఏదో అడిగాడు. "ఆ, అవి గూటికి వస్తాండాయి, వాటికి ఇంక మేతొద్దు." మళ్లీ ఏదో అడిగాడు. మోటారును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు పురుగును, ఇక వదిలేటట్టు లేడు.

మేత అయ్యాక ఇద్దరూ బయటికి వచ్చారు. అక్క చేతులు తుడుచుకుంటూ, మా అందరి ముందర, మామూలుగా చెప్పింది.

"ఇల్లు కట్టినావంట, మంచిది. నేను రాను. ఈడ పని ఉండాది. ఈ పంట దిగితే ఇంకో పంట."

బావ తల ఊపాడు. కోపం లేదు, ఒప్పుకున్నట్టూ లేదు. చెప్పులు వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"వచ్చే ఆదివారం రావచ్చునా?"

అక్క రాయి పక్కన చెప్పులు విడిచిన చోటు వంక చూసింది. "వచ్చే ఆదివారం గూళ్లు ఇడిపించాల. చాన పని. రావాలంటే పొద్దున్నే రా. తిని రావద్దు, ఈడ తిందువు" అంది.

ఆటో పోయింది. అక్క భుజం ఒకసారి తిప్పుకొని, సాయంత్రం మేతకు ఆకు కోయడానికి కొడవలి తీసింది. మా ఆవిడ గోడ దగ్గరికి పోయి, "అయ్యో, బీడీకట్ట మరిచిపోయినాడే! పారేద్దునా వదినా?" అంది.

"ఉండనీ ఆడే" అంది అక్క. "యాడ పెట్టినావని వచ్చి అడగనీ."